మన్యసీమలో ఓటు, విశ్వాసము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



2019వ సంవత్సరమున జరిగిన లోక్‌సభ ఎన్నికలలో అరకు నియోజకవర్గమందు 47 వేలకు పైగా ఓటర్లు ఏ అభ్యర్థికిని ఓటు వేయలేదు. వారు పోలింగు కేంద్రమునకు రాకపోలేదు. కొండలు దిగి వచ్చిరి, వరుసలో నిలిచిరి, వేలికి సిరా పెట్టించుకొనిరి. యంత్రముమీద అన్నిటికంటె అడుగున నున్న 'నోటా' మీటను నొక్కి వెడలిపోయిరి. 2024వ సంవత్సరపు ఎన్నికలలో ఆ సంఖ్య 50 వేలు దాటెను. 'పై వారెవ్వరును వలదు' అని చెప్పు ఆ మీట సుప్రీంకోర్టు 2013లో ఇచ్చిన తీర్పువలన వచ్చినది. దానిని మిక్కిలిగా నొక్కిన నియోజకవర్గములలో అరకు ఒకటి.

ఈ సంఖ్యకు అర్థమేమి? ఒకే దినమున శాసనసభకును, లోక్‌సభకును రెండు యంత్రములుంచుటచేత చదువురానివారు తికమకపడి అడుగు మీట నొక్కిరని కొందరందురు. ఆ మాటలో కొంత నిజముండవచ్చును. కాని అంతయు అదియే యనుకొని ఊరకుండుట న్యాయము కాదు. ఓటు వేయుటకు వచ్చినవాడు ఓటు నెవ్వరికిని ఈయకుండ పోయినచో అతడు ప్రజాస్వామ్యమును త్రోసివేసినట్లు కాదు. దాని వాకిట నిలిచి ఒక ప్రశ్న వేసినట్లు. ఆ ప్రశ్నను అర్థము చేసికొనవలెనన్న మన్యపు చరిత్రను కొంత తిరుగవేయక తప్పదు.

తూర్పు కనుమల ప్రజలకు ప్రభుత్వ మనునది మొదట ఎట్లు పరిచయమయ్యెను? 1839వ సంవత్సరపు చట్టముచేత గంజాము, విశాఖపట్టణము జిల్లాల కొండప్రాంతములను సాధారణ శాసనములనుండి వేరుచేసి, కలెక్టరును గవర్నరుకు ఏజెంటుగా నియమించి, ఆయన చేతిలో నుంచిరి. 'ఏజెన్సీ' యను పేరు అట్లు పుట్టినది. ఇంటిలో త్రాగుటకు గీసికొను కల్లుమీద పన్ను పడినపుడు 1879లో రంప ప్రాంతము తిరుగబడినది. 1882వ సంవత్సరపు మద్రాసు అటవీ చట్టము వచ్చిన తరువాత పోడు కొట్టుట నేరమయ్యెను. గూడెం కొండలలో బాటలు వేయుటకు గిరిజనులచేత చాలీచాలని కూలికి చాకిరి చేయించిరి. ఆ కడుపుమంటయే 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు ఠాణా మీదికి అల్లూరి సీతారామరాజు వెంట నడచినది. 1924 మే 7న ఆయనను కాల్చి చంపిరి. అప్పటివరకు మన్యపు మనిషి చూచిన ప్రభుత్వమునకు మూడే రూపములు: పన్ను అడుగువాడు, అడవికి అడ్డు నిలుచువాడు, తుపాకి పట్టినవాడు.

1950లో రాజ్యాంగము వచ్చెను. 1952వ సంవత్సరపు ఎన్నికలలో కలెక్టరుకెంత ఓటో కొండపై పోడు కొట్టువానికిని అంతే ఓటయ్యెను. రాజ్యాంగపు ఐదవ షెడ్యూలు ఈ ప్రాంతములకు ప్రత్యేక రక్షణ కల్పించెను. ఇది సామాన్యమైన మార్పు కాదు. అంతవరకు పాలింపబడినవారు తమ ప్రభువులను తామే ఎన్నుకొనువారైరి. వారి విశ్వాసమునకు బీజము అప్పుడు పడినది.

అట్లు పడిన విశ్వాసము సడలుటకు కారణమేమి? చట్టములు లేకపోవుట కాదు. ఉన్న చట్టములు కొండ ఎక్కకపోవుట. కొండజాతుల భూమి ఏజెంటు అనుమతి లేనిదే ఇతరులకు పోరాదని 1917లోనే శాసనము చేసిరి. 1959లో మరియొక నిబంధన వచ్చెను. అయినను అప్పుల పద్దులలో పడి పల్లపు పొలములు చేతులు మారుచునే యుండెను. శ్రీకాకుళము కొండలలో ఈ వ్యథ ముదిరినది. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లులో జరుగు గిరిజన సంఘ మహాసభకు పోవుచున్న కోరన్న, మంగన్న అను ఇద్దరు లేవిడివద్ద భూస్వాముల మనుషుల కాల్పులలో మరణించిరి. తరువాత చెలరేగిన సాయుధ పోరాటము మూడేండ్లు సాగినది. ఉపాధ్యాయులైన వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసము 1970 జూలైలో పోలీసుల చేతిలో మరణించిరి. షెడ్యూల్డు ప్రాంతమందలి భూమి గిరిజనేతరుల చేతిలో నున్నచో, వేరుగా రుజువు కానంతవరకు అది గిరిజనునిదే యని భావింపవలెనన్న కట్టుదిట్టమైన సవరణ ఆ 1970లోనే వచ్చెను. ఈ రెండింటిని ప్రక్కప్రక్కన చూచిన మన్యపు యువకుడు ఏ పాఠము నేర్చుకొనును? అర్జీ పెట్టినపుడు కదలని ప్రభుత్వము నెత్తురు పడినపుడు కదలునని కదా! ప్రజాస్వామ్యమునకు ఇంతకంటె ప్రమాదకరమైన పాఠము లేదు.

అయితే దీనికి ఎదురు పాఠము కూడ ఈ కొండలే చెప్పినవి. అనంతగిరి మండలమందు బొర్రా గుహల చుట్టుపట్ల గ్రామములలో ప్రైవేటువారికి గనుల కౌళ్ళిచ్చిరి. గ్రామస్థుల పక్షమున సమత యను సంస్థ న్యాయస్థానమున కెక్కినది. హైకోర్టులో ఓడినను సుప్రీంకోర్టు వరకు పోయినది. 1997 జూలై 11న తీర్పు వచ్చెను: షెడ్యూల్డు ప్రాంతములలో ప్రభుత్వ భూమిని సైతము గిరిజనేతరులకు గనులకై కౌలు కిచ్చుట చెల్లదు. ముగ్గురు న్యాయమూర్తులలో ఒకరు అంగీకరింపకపోయినను, ఇద్దరి మాట శాసనమైనది. ఒక్క తుపాకి ప్రేలలేదు. ఒక్క తల తెగలేదు. గుడిసెలలో నివసించువారు గనుల యజమానులతో సమానముగా నిలిచి గెలిచిరి. ఆ దినమున చట్టము కొండ ఎక్కినది.

కాని విశ్వాసము ఒక్క తీర్పుతో స్థిరపడదు. తరువాతి కథను చూడుడు. 2005లో అరకు, అనంతగిరి ప్రాంతపు బాక్సైటును ప్రభుత్వ ఖనిజాభివృద్ధి సంస్థ త్రవ్వి ప్రైవేటు కర్మాగారమునకు ఇచ్చునట్లు ఒప్పందము వ్రాసికొనిరి. గనిని త్రవ్వునది ప్రభుత్వ సంస్థయే కనుక తీర్పునకు భంగము లేదనిరి. కొండ పోవునపుడు త్రవ్వు చేయి ఎవరిదైన నేమని గ్రామస్థులు అడిగిరి. ప్రతిపక్షమున నున్నప్పుడు దానిని ఎదిరించినవారు అధికారమునకు వచ్చిన తరువాత, 2015 నవంబరులో, చింతపల్లి, జెర్రెల అడవులను గనులకై ఇచ్చు 97వ నంబరు ఉత్తర్వు వెలువడినది. మన్యమంతయు ఆందోళన చేయగా దానిని నిలిపివేసిరి. ప్రభుత్వము మారిన పిదప 2019లో రద్దు చేసిరి. పార్టీల పేర్లు ఇక్కడ ఎత్తవలసిన పనిలేదు. ఇది ఒక పార్టీ దోషము మాత్రమే కాదు. ఒకే మాటకు కుర్చీలో ఒక అర్థమును, కుర్చీ క్రింద మరియొక అర్థమును ఉండుటయే దోషము.

ఉద్యోగముల సంగతియు ఇట్టిదే. షెడ్యూల్డు ప్రాంతములందలి ఉపాధ్యాయ ఉద్యోగములన్నియు స్థానిక గిరిజనులకే యని 2000లో 3వ నంబరు ఉత్తర్వు వచ్చెను. రాని పంతులుకంటె ఊరిలో పుట్టిన పంతులు మేలని దాని ఉద్దేశము. కొండబిడ్డలు దానిని నమ్మి శిక్షణ పొందిరి. నూటికి నూరు పాళ్ళు కేటాయించుట రాజ్యాంగ విరుద్ధమని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దానిని కొట్టివేసినది. తీర్పులోని న్యాయశాస్త్రము పండితుల కెరుక. ఇరువది యేండ్లు నమ్మి చదివినవానికి మిగిలినది ఒక్కటే ప్రశ్న: ప్రభుత్వము వ్రాసి యిచ్చిన కాగితమును ఎన్నాళ్ళు నమ్మవచ్చును?

ఇట్లు నమ్మకము పలుచనైన చోటనే పక్షములు చిక్కనగును. మన్యములో ఈ చీలిక ఎంత దారుణమైనదో 2018 సెప్టెంబరు 23న లోకమునకు తెలిసినది. డుంబ్రిగుడ మండలము లివిటిపుట్టువద్ద అరకు శాసనసభ్యుడు కిడారి సర్వేశ్వరరావును, మాజీ శాసనసభ్యుడు సివేరి సోమను మావోయిస్టులు కాల్చి చంపిరి. గిరిజనులు ఓటు వేసి గెలిపించిన గిరిజనులే వారిద్దరును. వారి నడవడిలో తప్పున్నదని తలచినవారు ఓటుతో దింపివేయవచ్చును. ఆ హక్కు ఓటరుదే. తుపాకి ఆ హక్కును ఓటరు చేతినుండి లాగికొన్నది. రక్షణ కల్పించలేదను కోపముతో ఆ దినమే జనము పోలీసు స్టేషనుకు నిప్పు పెట్టిరి. చంపినవారికిని, కాపాడవలసినవారికిని నడుమ సామాన్యుని మాటకు చోటు లేకపోయెను. అడవిలోనివారికి అన్నము పెట్టెనని పోలీసులును, పోలీసులకు జాడ చెప్పెనని అడవిలోనివారును తననే అనుమానించుచుండగా అతడు ఎవరితోను నోరు విప్పకుండుట నేర్చెను. నోరు విప్పని చోట ప్రజాస్వామ్యము పేరునకే మిగులును.

అరకు లోక్‌సభ నియోజకవర్గములోనిదే సాలూరు. ఆ సరిహద్దున ఆంధ్ర, ఒడిశా రాష్ట్రములు రెండును తమవే యనుచున్న కొటియా గ్రామములు ఇరువదియొకటి కలవు. 1968లోనే ఈ వివాదము సుప్రీంకోర్టున కెక్కినది. అక్కడివారిలో పలువురికి రెండు రాష్ట్రముల కార్డులును, రెండు చోట్ల ఓటును కలవు. 2021లో ఆంధ్రప్రదేశము అక్కడ పంచాయతీ ఎన్నికలు జరుపగా ఒడిశా మరల న్యాయస్థానమునకు పోయినది. అచ్చట ఇద్దరు ప్రభువులు పోటీపడి పలుకరించుచుండగా, మరికొన్ని కొండశిఖర గ్రామములలో నిండుచూలాలిని డోలీ కట్టి మోసికొని పోవలసి వచ్చినది. పోటీ యున్న చోటికి బాట పడును, లేని చోటికి పడదు అను అనుమానము ప్రజలలో పుట్టినచో వారిని తప్పు పట్టనేల?

ఈ రోగము మన్యమునకే పరిమితము కాదు. ప్రజాస్వామ్యమునకు పెద్దదిక్కని చెప్పుకొను అమెరికాలో 2021 జనవరి 6న, ఓడినవారి పక్షపు జనము ఓట్ల లెక్కను ఆపుటకై పార్లమెంటు భవనములో చొరబడిరి. ఎదుటి పక్షము గెలిచిన ఎన్నిక ఎన్నికయే కాదను భావము ప్రబలిన చోట చదువు, ధనము రెండును కాపాడలేవు.

మరి మందేమి? దానిని వెదకుటకు దూరము పోనక్కరలేదు. ఈ తూర్పు కనుమలలోనే, ఒడిశాలోని నియమగిరి కొండపై డొంగ్రియా కొందు లనువారు నివసింతురు. ఆ కొండ వారికి దైవము. అక్కడ బాక్సైటు త్రవ్వవచ్చునా యను వివాదము సుప్రీంకోర్టుకు పోగా, 2013 ఏప్రిల్ 18న న్యాయస్థానము ఒక మార్గము చూపినది: గ్రామసభలనే అడుగుడు. ఆ జూలై, ఆగస్టు నెలలలో పండ్రెండు పల్లెసభలు కూడినవి. స్త్రీలు, వృద్ధులు, యువకులు లేచి తమ మాట చెప్పిరి. పండ్రెండు సభలును 'వలదు' అనెను. 2014 జనవరిలో కేంద్ర ప్రభుత్వము గనికి అనుమతి నిరాకరించెను. ఈ ఉదంతములో గమనింపవలసిన క్రమమొకటి కలదు. నిర్ణయమునకు ముందు ప్రశ్న అడిగిరి. అందరి యెదుట జవాబు వినిరి. విన్న జవాబును పాటించిరి. విశ్వాసము నిలుచుటకు ఈ మూడును వలయును. మూడింటిలో ఏది తప్పినను ఓటు అయిదేండ్ల కొకసారి జరుగు తంతు మాత్రమే యగును.

ఇట్లడుగుట దయాధర్మము కాదు, శాసనము. 1996వ సంవత్సరపు 'పెసా' చట్టము షెడ్యూల్డు ప్రాంతములందలి గ్రామసభకు అధికారము లిచ్చినది. భూసేకరణకు ముందు దానిని సంప్రదింపవలెను. చిన్నతరహా అటవీ ఫలసాయముపై దానికి హక్కు కలదు. ఆంధ్రప్రదేశములో 1998లో దీనికై శాసనము, 2011లో నియమములు వచ్చినవి. 2006వ సంవత్సరపు అటవీ హక్కుల చట్టము ప్రకారము పోడు భూమిపై హక్కు కోరు అర్జీ మొదట విచారణకు వచ్చునది గ్రామసభ ముందుకే. కొండవారికి సభ క్రొత్తది కాదు. బారిక చాటింపు వేయుట, పెద్దలు చెట్టునీడను కూర్చుండుట, అందరి మాటయు ముగిసినగాని తీర్పు చెప్పకుండుట వారి పూర్వులనుండి వచ్చిన ఆచారము. అయితే నాటి సభలలో స్త్రీల మాటకు తగిన విలువ దక్కలేదు. ఆ కొరతను నేటి చట్టము తీర్చవలెను. సంతకములకై పుస్తకమును ఇల్లిల్లు త్రిప్పి సభ జరిగినదని వ్రాసికొనుట మాత్రము సభను చంపుటయే యగును.

ఇందు గ్రంథాలయమునకు పని యేమి? చాల కలదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశపు గ్రంథాలయముల వారందరు సమావేశమైనప్పుడు వారి చేతిలో అధికారము లేదు. 1935లో పాతూరి నాగభూషణముగారు కొల్లూరు, పెదవడ్లపూడి నడుమ కాలువమీద పడవలో గ్రంథములు పంపినపుడు ఆ పడవలో తుపాకులు లేవు. చదివిన మనిషి మోసపోడు, భయపడడు అను నమ్మకమొక్కటే వారి మూలధనము.

గ్రంథాలయపు బల్లమీద ఎదురెదురు పక్షముల పత్రికలు ప్రక్కప్రక్కనే పడియుండును. ఒక పత్రిక చదువువాడు రెండవది కూడ తెరచి చూచినచో, ఎదుటివాడు శత్రువు కాడనియు, వేరు అభిప్రాయము కల పొరుగువాడనియు తెలియును. గ్రామసభ తీర్మానముల నకళ్ళు, పెసా చట్టము, అటవీ హక్కుల చట్టము, గ్రామమునకు మంజూరైన పనుల పట్టికలు ఆ బల్లమీదనే ఉండవలెను. లేనివానిని 2005వ సంవత్సరపు సమాచార హక్కు చట్టము క్రింద అర్జీ పెట్టి తెప్పించుకొనవచ్చును. చదువురానివారికి వారము కొకసారి చదివి వినిపింపవలెను. కువి, ఒడియా మాటలాడువారికి వారి మాటలలోనే చెప్పవలెను. ఓటు యంత్రమును గూర్చి తికమక గలవారికి ఎన్నికలకు ముందే బోధపరచినచో, నోటా మీట నొక్కినవాడు తెలిసి నొక్కెనా, తెలియక నొక్కెనా యను సందేహమైనను తీరును.

ఇరువదియైదు సంవత్సరములు గ్రంథములను ఇచ్చి పుచ్చుకొనిన సంస్థకు ఒక ధర్మము బాగుగా తెలియును. తీసికొని పోయినవాడు గడువులోగా తిరిగి తెచ్చియిచ్చినపుడే మరియొక గ్రంథము దొరకును. ప్రజలు ఓటుతో ఇచ్చు విశ్వాసము కూడ అట్టి అప్పే. దానిని గడువులోగా తీర్చుమని పాలకులను అడుగుట ద్రోహము కాదు, పౌరధర్మము. అడుగుటకు వలసిన తెలివిని, నిబ్బరమును ఈ గ్రంథాలయము రాబోవు తరములకును ఇచ్చుగాక.