తాత్కాలికమైనది వైరే, కరెంటు కాదు



ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఉన్న ఇంటిని బాగుచేయించి చూడమని ఎందుకు అనలేదో గాని, అదీ ఆ రెండింటికి తీసిపోదు. కట్టే ఇంట్లో మనం కాపురం ఉండం. బాగుచేయించే ఇంట్లో మాత్రం ఆ దుమ్ములోనే వండాలి, ఆ సుత్తి దెబ్బల మధ్యనే పిల్లల్ని చదివించాలి.

ఆమధ్య మా వంటిల్లు మార్పించాం. గోడల్లోని పాత వైర్లన్నీ తీసేశారు. ఫ్రిజ్, మిక్సీ పెరటి వసారాలోకి చేరాయి. వాటికి కరెంటు ముందుగదిలోంచి పెరడు దాటి రావాలి. పనికి వచ్చిన కుర్రవాడు పాత మెలి వైరు రెండు ముక్కలు అతికించి, బట్టలారేసే ఇనప దండేనికి చుట్టి తెచ్చేశాడు. "పది రోజుల ముచ్చటే కదమ్మా!" అన్నాడు. నేనూ సరేనన్నాను.

నాలుగోనాడు చినుకులు పడ్డాయి. బట్టలు తీయబోయిన మా పనిమనిషి "అమ్మో!" అని చెయ్యి వెనక్కి లాక్కుంది. జిల్లుమన్నదట. అతుకు దగ్గర టేపు తడిసి, కరెంటు దండేనికి పాకింది. కాళ్లకు రబ్బరు చెప్పులుండబట్టి గండం గడిచింది. రోజూ ఆ దండెం ముట్టుకునేది నేనూ, మా అమ్మాయీనూ. పది రోజులుండే వైరైనా, పదేళ్లుండే వైరైనా, అందులో పారేది 230 వోల్టులేనని ఆరోజు నాకు తెలిసివచ్చింది.

మరి ఎటువంటి వైరు తీసుకోవాలి? రెండు పోగుల మెలి వైరు వద్దు. అందులో ఎర్త్ ఉండదు. గొట్టాల్లో వేసే ఒంటి వైర్లూ వద్దు. వాటికి పైతొడుగు ఉండదు. త్రీ కోర్ రాగి వైరు అడగండి. ఫేజు, న్యూట్రల్, ఎర్త్ మూడూ ఒకే మందపాటి తొడుగులో ఉంటాయి. ఐ.ఎస్.ఐ. ముద్ర చూడండి. ఎండకూ వానకూ తట్టుకుంటుందా అని కూడా అడగండి.

లావు సంగతికి వద్దాం. దీపాలకు, ఫ్యానుకు 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు చాలు. వంట సామాను నడవాలంటే 2.5 ఉండాలి. లెక్క కష్టమేమీ కాదు. ఒకేసారి వాడే వస్తువుల వాట్లు కూడి 230తో భాగించండి. 2000 వాట్ల ఇండక్షన్ పొయ్యి, 700 వాట్ల రైస్ కుక్కర్, 750 వాట్ల మిక్సీ కలిస్తే 3450. అంటే 15 ఆంపియర్లు! సన్నని వైరు వేడెక్కి తొడుగు కరగడానికి ఇంతకన్నా ఏం కావాలి? దూరం ఎక్కువైతే ఇంకా లావుపాటిది వేయమనండి. మిగిలిన వైరును చుట్టగా వదిలెయ్యకండి, చుట్టలో వేడి పెరుగుతుంది.

ఇక వేలాడదీయడం. వైరు తన బరువు తాను మోయకూడదు. గట్టి నైలాను తాడు కట్టి, దానికి మూరకొక చోట వైరును కట్టించండి. ఇనప తీగ వాడితే దాన్నీ ఎర్త్ చేయించాలి. దండెం జోలికి మాత్రం పోవద్దు. తట్ట నెత్తిన పెట్టుకున్న కూలీకీ, ఇనప ఊచ మోసేవాడికీ తగలనంత ఎత్తున ఉండాలి. గాలిలో అతుకులు పనికిరావు, ఆ చివరినుంచి ఈ చివరిదాకా ఒకే ముక్క కావాలి.

అన్నిటికన్నా ముఖ్యం మరొకటి. ఫ్యూజు, ఎం.సి.బి. కాపాడేది వైరునే గాని మనిషిని కాదు. మనిషికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. కావాలి. కరెంటు దారి తప్పి ఒంట్లోంచి భూమిలోకి పారితే రెప్పపాటులో ఆపేస్తుంది. దాని మీద టెస్ట్ బొత్తాం ఉంటుంది. నొక్కగానే కరెంటు పోవాలి. పోకపోతే అది అలంకారమే!

ఎవరికైనా షాకు కొడితే ఆదుర్దాలో పట్టుకుని లాగకండి. ముందు మెయిన్ స్విచ్ కట్టెయ్యండి. ఇన్వర్టరు ఉంటే దాన్నీ కట్టెయ్యాలి, మెయిన్ ఆపినా దాని కరెంటు వస్తూనే ఉంటుంది.

"ఇన్ని ప్రశ్నలు వేస్తే పనివాళ్లు ఏమనుకుంటారో" అని మనకు మొహమాటం. బియ్యం కొనేటప్పుడు గుప్పెట్లోకి తీసుకుని నలిపి చూస్తామే, అప్పుడు లేని మొహమాటం ఇప్పుడెందుకు? లైసెన్సున్న ఎలక్ట్రీషియన్నే పిలిపించండి. స్విచ్ వేసేముందు వైరు వెంట ఆ చివరిదాకా ఒకసారి మీరే నడిచి చూడండి.

మా వంటిల్లు పూర్తయింది. దండెం మాత్రం మార్చేశాను. ఇప్పుడది నైలాను తాడు.