గొట్టం పరీక్ష తరువాత వచ్చే చలిజ్వరం

(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈనాడు మేము చెప్పబోయేది అరుదుగా వచ్చే జబ్బు. అరుదైనదానికి ఇంత సభ ఎందుకని అడగవచ్చు. వచ్చినప్పుడు గంటల్లో ప్రాణం మీదికి తెస్తుంది గనుక చెప్పవలసి వస్తోంది.

నోటి ద్వారా గాని, మలద్వారం గుండా గాని గొట్టం పంపి లోపల చూడటాన్ని ఎండోస్కోపీ అంటారు. మంచి పరీక్ష. భయపడి మానుకోమని మేము అనడం లేదు. గొట్టం రాసుకుని కొద్ది సూక్ష్మజీవులు రక్తంలోకి జారినా, ఆరోగ్యవంతుని శరీరం వాటిని కాసేపట్లో తుడిచేస్తుంది. పళ్ళు తోముకున్నప్పుడూ జరిగేది అదే.

చిక్కంతా పైత్యరసనాళంలో రాయో, కంతో అడ్డుపడి కామెర్లు వచ్చినవారికి చేసే ఇ.ఆర్.సి.పి.తో. అడ్డు పూర్తిగా తొలగకపోతే, నిలవ పైత్యంలో పెరిగిన సూక్ష్మజీవులు రక్తంలోకి ఎక్కుతాయి. ఒక్కొక్కసారి తప్పు గొట్టానిదే. దాని కొసన పనిముట్లను ఎత్తిపట్టే చిన్న మీట ఉంటుంది; ఆ సందుల్లోకి బ్రష్షు సరిగా దూరదు. తడి ఆరకుండా దాచిన గొట్టంలో సూడోమోనాస్ వంటివి కాపురం పెడతాయి. 2015లో అమెరికాలో, లాస్ ఏంజెలిస్‌లోని ఒక విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో, ఇటువంటి గొట్టాల వల్ల కొందరికి మందులకు లొంగని బాక్టీరియా సోకినట్లు బయటపడింది, వారిలో కొందరు పోయారు. తయారీదారు చెప్పినట్లే శుభ్రం చేశామని ఆసుపత్రివారు అన్నారు. 2019లో అక్కడి ఆహార, ఔషధ సంస్థ, కొసభాగం వాడి పారవేసే రకానికి మారమని ఆసుపత్రులకు సలహా ఇచ్చింది.

మాకు తెలిసిన ఒక పెద్దాయనకు రాయి తీసిన మర్నాడు సాయంత్రం వణుకు పట్టుకుంది. చల్లగాలి తగిలిందని ఇంట్లోవాళ్ళు రెండు దుప్పట్లు కప్పి, మందుల షాపు బిళ్ళ వేశారు. తెల్లవారేసరికి మాట తడబడింది, మూత్రం బందైంది. ఆసుపత్రికి చేర్చేటప్పటికి రక్తపోటు పడిపోయింది. చాలా రోజులు మంచాన ఉండి బతికారు. "జ్వరమొస్తే వెంటనే రమ్మని చీటీలో రాసే ఉందన్నా, మేమే చదవలేదు," అన్నాడు కొడుకు.

కాబట్టి పరీక్షైన రెండు మూడు రోజుల్లో చలి, వణుకు, జ్వరం వస్తే, అర్ధరాత్రయినా సరే, అదే ఆసుపత్రికి వెళ్ళండి. ఫలానా రోజున ఫలానా పరీక్ష చేశారని చెప్పండి. షుగరువాళ్ళు, ముసలివాళ్ళు, కేన్సరు మందులు వాడేవాళ్ళు అసలు ఆగకూడదు. యాంటీబయాటిక్ ఇవ్వకముందే రక్తం కల్చరుకు తీయాలి. ఇంట్లోనే ఆ మందు మింగి వెళితే కల్చరులో ఏదీ మొలవకపోవచ్చు, ఇక డాక్టరు చీకట్లో తడుముకోవలసిందే. డిశ్చార్జి చీటీ ఇంగ్లీషులో ఉంటే అక్కడి నర్సమ్మ చేత చదివించుకుని మరీ బయలుదేరండి.