వీడియో చెబుతుంది, మరి వినేదెవరు?



మన సీతంపేట కొండల్లో సవర పిల్లలు ఇంట్లో సవర మాట్లాడతారు, బడిలో తెలుగు వింటారు, పుస్తకంలో ఇంగ్లీషు చదువుతారు. సవర ముండా కుటుంబానికి చెందిన భాష, తెలుగు ద్రావిడ భాష. అంటే మన పిల్లలకు తెలుగే రెండో భాష, ఇంగ్లీషు మూడోది. ఇది గమనించకుండా "మీ పిల్లలు నోరు విప్పరండీ" అనేవాళ్లను మేము రోజూ చూస్తున్నాం.

ఇప్పుడు పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే దీక్షలో వీడియో పాఠం వస్తుంది. పగలు బడిలో టీచరు చెప్పిన ఇంగ్లీషు పాఠాన్ని సాయంత్రం స్టడీ అవర్లో మళ్లీ వీడియోలో చూపిస్తున్నాం. ఇది ఎలా ఉందో పిల్లల్నే అడిగాం. సవరలోనే చెప్పమన్నాం.

"టీచర్ని నాలుగోసారి అడగాలంటే సిగ్గు. వీడియోని పదిసార్లు వెనక్కి తిప్పినా విసుక్కోదు" అంది ఎనిమిదో తరగతి అమ్మాయి. మాట పలికేటప్పుడు పెదాలు ఎలా కదులుతాయో కనిపిస్తోందని ఇంకో అమ్మాయి చెప్పింది. ఇబ్బందులూ చెప్పారు. మాట వేగంగా పోతుంది. సిగ్నల్ లేకపోతే బొమ్మ ఆగిపోతుంది. అందులో లిఫ్టులు, మెట్రో రైళ్లే గానీ మన పోడు, మన జీలుగు చెట్టు, మన వారపు సంత కనబడవు. చివరికి పదో తరగతి అమ్మాయి ఒక మాట అంది: "వీడియో మాట్లాడుతుంది మేడమ్, కానీ నేను తప్పు పలికితే దానికి వినపడదు."

ఆ మాట విన్నాక పద్ధతి మార్చాం. వీడియోలు ముందే డౌన్‌లోడ్ చేస్తున్నాం. ఐదు నిమిషాలు చూపించి ఆపుతాం. ఏం అర్థమైందో పిల్లలు సవరలో చెప్పుకుంటారు. తర్వాత ఇద్దరిద్దరు కూర్చుని అదే సంగతి ఇంగ్లీషులో మాట్లాడతారు. తప్పు పోతే పక్కనున్న పిల్లే సరిచేస్తుంది. వెనక వరుసలో తల దించుకుని కూర్చునే పిల్లలు కూడా ఇప్పుడు సవరలో మొదలుపెట్టి ఇంగ్లీషులోకి వస్తున్నారు.

గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో పనిచేస్తూ సవర నేర్చుకున్నారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువరించారు. సవరలతో కూర్చుని మాట్లాడే ఆయన మన భాష నేర్చుకున్నారు. భాషకు ఎదుట మనిషి కావాలి. ఆ రోజు సంగతీ ఇదే, ఈ రోజు సంగతీ ఇదే.

అందుకే చదువుకున్న మన యువతను రెండు పనులు అడుగుతున్నాం. సెలవుల్లో ఊరికి వచ్చినప్పుడు మీ అవ్వ చెప్పే కథ, సంతలో బేరం, కొండపంట కోత ఫోన్లో తీయండి. ముందు సవరలో, తర్వాత తెలుగులో, ఆపైన ఇంగ్లీషులో చెప్పి మీ ఊరి పిల్లలుండే హాస్టల్‌కి ఇవ్వండి. వీలున్న ఆదివారం వార్డెన్‌కి ముందుగా చెప్పి వచ్చి, గంటసేపు మన పిల్లల ఇంగ్లీషు వినండి. మీరు కూడా ఆ వెనక వరుసలో కూర్చుని చదువుకున్నవాళ్లే. వాళ్లు ఏ మాట దగ్గర ఆగిపోతారో మీకు తెలిసినంతగా ఏ వీడియోకీ తెలియదు.