రక్తనాళముల ఉఱుము

మెఱుపు మెఱసినది మొదలు ఉఱుము వినబడువఱకు సెకన్లు లెక్కించి, మూడు సెకన్లకొక కిలోమీటరు చొప్పున పిడుగు దూరమును చెప్పవచ్చును. చిలమత్తూరున లెక్కించినవారికి దూరము తెలియునే గాని దిక్కు తెలియదు. అదే ఉఱుమును కొడికొండలో నొకరు, లేపాక్షిలో నొకరు విని, ఎవరి ఊరు కేంద్రముగా వారు వలయము గీసినచో, మూడు వలయములు కలసినచోటనే పిడుగు పడినదని తేలును. కాంతితోను ధ్వనితోను రక్తనాళములను చిత్రించు విద్యకు మూలసూత్రమిదియే.

మెఱుపు వేడికి గాలి హఠాత్తుగా వ్యాకోచించుటచే ఉఱుము పుట్టుచున్నది. వెలుగును ఆపి ఆపి పదార్థములపై ప్రసరింపజేసినను ధ్వని పుట్టునని అలెగ్జాండర్ గ్రాహంబెల్ 1880లో కనుగొనెను. నేడు సెకనులో కొన్ని వందకోట్లవ వంతులకాలము మాత్రమే వెలుగు లేజరును చర్మముపై ప్రసరింపజేయుదురు. రక్తములోని హిమోగ్లోబిన్ ఆ వెలుగును గ్రహించి, డిగ్రీలో వెయ్యవ వంతు ప్రాంతమున వేడెక్కి, మన చెవికందని ధ్వనిని వెలువరించును. అది శరీరమున సెకనుకు సుమారు 1,540 మీటర్ల వేగముతో పయనించి వెలుపలి గ్రాహకములను చేరును. ప్రతి గ్రాహకమునకు ఒక్కొక్క వలయము గీసి, అవి కలసినచోట నాళమున్నదని కంప్యూటరు నిర్ణయించును. కొన్ని సెంటీమీటర్ల లోతువఱకు కత్తిగాని, ఎక్స్‌కిరణములుగాని అక్కఱలేదు.

చిక్కంతయు గ్రాహకముల సంఖ్యలో నున్నది. చుట్టును వందలకొలది యున్నచో చిత్రము స్పష్టమగును. కాని యంత్రము ఖరీదగును. కొద్దిపాటి గ్రాహకములు ఒక్క వైపునుండియే విన్నచో వలయములు సరిగా కలియవు. లేని చారలు ఏర్పడును. ఉన్న నాళము కొంత మాయమగును.

ఈ కొఱతను గణితముతో పూడ్చుటకు పలు దేశములలో కృషి జరుగుచున్నది. చిలమత్తూరు ప్రాంతమునుండి పెద్ద రహదారివెంట దక్షిణముగా పోయినచో వచ్చు బెంగుళూరులో, భారతీయ విజ్ఞాన సంస్థయందు, ఆచార్య యలవర్తి ఫణీంద్ర బృందము ఇందు కృషి చేసినది. చిత్రమును తక్కువగా నునుపుచేసినచో అంతటను మచ్చలు నిండును. ఎక్కువైనచో సన్ననాళములు చెరగిపోవును. ఎంత నునుపు తగునో త్వరగా తేల్చు మార్గమును ఆ బృందము 2013లో చూపినది. కొద్ది గ్రాహకములు విన్నదానినిబట్టి, వాని నడుమ మఱికొన్ని యున్నచో ఏమి వినియుండునో న్యూరల్ నెట్‌వర్కుచే ఊహింపజేయు పద్ధతిని 2020లో ప్రకటించినది.

ఊహ యను మాటను మేము తెలిసియే వాడుచున్నాము. అందమైన చిత్రమెల్ల నిజము కాదు. ఇట్టి గణనపద్ధతి తాను నేర్చిన చిత్రముల పోలికనుబట్టి, లేనిచోటను నాళమును గీయగలదు. మధుమేహముచే పాదమునకు రక్తము చాలని రోగి విషయమున, ఆ గీతను నమ్మి చికిత్స ఆలస్యమైనచో పాదమే పోవచ్చును. కావున కొలిచినదేదో, ఊహించినదేదో వేఱుపఱచి చూపు చిత్రమే వైద్యునికి మేలు.

రొమ్ము గడ్డల పరీక్షకై ఇట్టి పరికరమొకటి 2021లో అమెరికాలో అనుమతి పొందినది. అయినను ఈ విద్య ఇంకను అధికభాగము పరిశోధనశాలలలోనే యున్నది. హిందూపురమువంటి పట్టణముల ఆసుపత్రులకు అది చేరవలెనన్న, ధర తగ్గవలెను. ధర తగ్గవలెనన్న, గ్రాహకములు తగ్గవలెను. గ్రాహకములు తగ్గినకొలది గణితమునందు నిజాయితీ పెరుగవలెను.