ముఖముపై మచ్చలు – చీటీ లేని మందులు
(ఖరగ్‌పూర్‌లో తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల కుటుంబముల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమునుండి మన తెలుగువారు ఈ ఖరగ్‌పూర్‌లో స్థిరపడి పనిచేయుచున్నారు. లైనుపై గ్యాంగ్‌మన్‌కు, వీధులలో పోస్ట్‌మన్‌కు ఎండ తప్పదు. ఆ ఎండకు ముఖము కమిలినప్పుడు మనము చేయు పొరపాటును గూర్చి రెండు మాటలు మనవి చేసెదను.

ముఖము రంగు మారుటకు కారణము ఒక్కటి కాదు. బుగ్గలపై గోధుమరంగు మంగు ఎండవలనను, గర్భధారణవలనను, వంశపారంపర్యముగను వచ్చును. ముక్కు, బుగ్గలు పదేపదే ఎర్రబడుట రొజేషియా కావచ్చును. ఎండ, కొలిమివేడి దానిని హెచ్చించును. ఎరుపుతోపాటు కీళ్ళనొప్పులు, జ్వరము ఉన్నచో లూపస్ అను వ్యాధిని అనుమానింపవలెను. స్పర్శ తగ్గిన మచ్చ కుష్ఠువ్యాధి లక్షణము కావచ్చును. దానికి ప్రభుత్వ ఆసుపత్రులలో మందులు ఉచితము. వ్యాధి పూర్తిగా నయమగును.

ఇన్ని కారణములుండగా, మనము అన్నింటికిని దుకాణదారుడిచ్చిన ట్యూబునే పూయుచున్నాము. అందు బీటామెథాసోన్, క్లోబెటసాల్, మొమెటాసోన్ వంటి పేర్లున్నచో అది స్టిరాయిడ్. అది రక్తనాళములను ముడుచుకొనజేయును గనుక తొలుత ఎరుపు తగ్గి, ముఖము తెల్లబడినట్లు తోచును. నెలల తరబడి వాడినచో చర్మము పలుచబడి, ఎర్రని సన్నగీతలు, మొటిమలు, రోమములు పుట్టును. మానగానే మంట, ఎరుపు తిరుగబెట్టును. ఆ భయముతో మరల పూయుదురు. ఈ విధముగా ట్యూబు వ్యసనమగును.

2018లో భారత ప్రభుత్వము 14 స్టిరాయిడ్ లేపనములను షెడ్యూలు హెచ్‌లో చేర్చి, డాక్టరు చీటీ లేనిదే అమ్మరాదని నిర్దేశించినది. అయినను చీటీ అడుగని దుకాణములు నేటికిని కలవు.

కావున మచ్చ కనిపించినచో రైల్వే ఆసుపత్రిలోగాని, ప్రభుత్వ ఆసుపత్రి చర్మవిభాగములోగాని చూపించుకొనుడు. ఇప్పటికే ట్యూబు వాడుచున్నవారు దానిని వెంట తీసికొనిపోయి డాక్టరుకు చూపవలెను. ఎండలో టోపీగాని, తలగుడ్డగాని మరువరాదు. ఎండలో పనిచేయువారికి నీడ, త్రాగునీరు కల్పించుమని కోరుట యూనియను కర్తవ్యము.

చివరగా ఒక మాట. నలుపు రోగము కాదు. పెండ్లిచూపులకని ఆడపిల్లల ముఖములకు ఈ మందులు పూయు తల్లిదండ్రులు మన క్వార్టర్లలోనే ఉన్నారు. ఇంటికి వెళ్ళినంతనే అలమరలోని ట్యూబుపై పేరు చదువుడని ప్రార్థించుచు, సెలవు తీసికొనుచున్నాను.