ఇంటి జపము – పన్నెండు నెలలు



1924లో ఆర్లాతి గురువులు గుణదలలో మరియమాత స్వరూపాన్ని నెలకొల్పారు. నేడు ఫిబ్రవరి వచ్చిందంటే మన డెల్టా గ్రామాల విశ్వాసులు ఆ కొండకు తరలుతారు. 11వ తేదీ లూర్దుమాత పండుగ. మరి 12వ తేదీ సాయంత్రం మన ఇంట జపమాల ఎక్కడుంటుంది? మేకుకు వేలాడుతూ ఉంటే, మనం కొండకు వెళ్లివచ్చామే గాని అమ్మను ఇంటికి తెచ్చుకోలేదన్నమాట.

1858లో లూర్దులో అమ్మను చూచిన బెర్నదెత్తమ్మ పదునాలుగేళ్ల పేదపిల్ల. జపమాల జేబులోనే ఉన్నది గనుక ఆ క్షణాన ఆమె చేతికందింది.

“తీరిక లేదు” అంటాము. నిజమే. కాలువకు నీరొస్తే నారుమళ్లు, నాట్లు. ఆపైన కోతలు, కుప్పలు. అలసిన ఒంటికి 53 మంగళవార్త జపములు బరువే. అట్టి దినాన ఒక్క దేవరహస్యమే చెప్పండి. కాని దీపం పెట్టే వేళ తప్పించకండి. ఎక్కువ చెప్పుటకంటె మానకుండుట ముఖ్యము.

తిరుసభ మనకు ఊతమిచ్చింది: మార్చిలో జోజప్పగారు, మేలో మరియమాత, జూన్‌లో తిరుహృదయము, అక్టోబరులో జపమాల, నవంబరులో ఉత్తరించు స్థలమందలి ఆత్మలు. నవంబరులో గతించిన పెద్దల పేర్లు పిల్లలచేత చెప్పించండి. వంశమూ తెలుస్తుంది, విశ్వాసమూ నిలుస్తుంది.

తండ్రులారా! అరుగుమీద కూర్చుండి, జపం ఆడవారి పని అనుకొనుట తగదు. మీరు మోకరించిన ఇంట పిల్లలకు వేరే బోధ అక్కరలేదు.

గుణదల మాత మన గృహములను దీవించుగాక! ఆమెన్.