పలువరుసను ఏడవ యేటనే చూడవలెను

(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)

పిల్లవాని చూపు మందగించినచో మనము వెంటనే వైద్యుని కడకు పరుగిడుదుము. వాని పళ్లు వంకరగా వచ్చినచో మాత్రము, “మేనమామ పోలిక, ఏమి చేయగలము” అని ఊరకుందుము. ఏండ్లు గడచి పెండ్లిమాటలు సాగునపుడు, అదియు ఆడపిల్ల విషయముననే, రెండు నెలలలో సరిచేయుడని దంతవైద్యుని నిర్బంధింతుము. ఈ రెండును తగవని నేడు మీకు మనవి చేయదలచితిని.

పలువరుస సక్రమముగా నున్నదనగా నేమి? నోరు మూసినపుడు, బరిణెను మూత కప్పినట్లు, పైవరుస క్రిందివరుసను కొంచెము కప్పవలెను. ఈ అమరికలోని లోపములను అమెరికా దంతవైద్యుడు ఎడ్వర్డ్ యాంగిల్ 1899లో మూడు తరగతులుగా విభజించెను. నేటికిని వైద్యులు ఆ విభాగమునే వాడుచున్నారు. దవడల పొందిక సరిగా నుండి, పళ్లు మాత్రము ఇరుకుగనో, ఎడముగనో, వంకరగనో యుండుట మొదటిది. క్రిందివరుస వెనుకబడి యుండుట రెండవది. మనము ఎత్తుపళ్లనునవి తరచు ఇందు చేరును. క్రిందివరుస ముందుకు సాగి యుండుట మూడవది.

మేనమామ పోలిక యనుట కొంత నిజమే. దవడల పరిమాణము, పళ్ల పరిమాణము వంశమునుండి వచ్చును. చిన్న దవడలో పెద్ద పళ్లు మొలచినచో చోటు చాలక ఒకదానిపై నొకటి యెక్కును. కాని మన చేతిలో నున్న కారణములును గలవు. పాలపళ్లు 20. “ఎట్లును ఊడిపోవునవే గదా” యని వానిని పుచ్చిపోనిత్తుము. పాలదవడపన్ను కాలము తీరకమునుపే పోయినచో, వెనుకనున్న పన్ను ఆ ఖాళీలోనికి ఒరుగును. పిదప రావలసిన శాశ్వతదంతమునకు చోటు తగ్గును. రాలిన పాలపన్నును పేడలో చుట్టి ఇంటిపైకి విసరు ఆచారము మనకు గలదు. అది ఊడవలసిన వేళకే ఊడినదా యని చూచుట అంతకన్న ముఖ్యము. నాలుగేండ్లు దాటిన పిదపయు వ్రేలు చీకుట, ఎల్లపుడు నోటితో ఊపిరి పీల్చుట పలువరుసను చెరచును.

ఇది కేవలము అందమునకు సంబంధించినదని తలపరాదు. ఇరుకుపళ్ల నడుమ శుభ్రపరచుట కష్టము. పుచ్చునకును చిగుళ్లవ్యాధికిని అది దారితీయును. ఎత్తుపళ్లున్న బాలుడు ఆటలో బోర్లపడినచో ముందుగా దెబ్బతినునవి అవియే. నవ్వవలసిన వేళ అరచేయి అడ్డము పెట్టుకొను పిల్ల, తరగతిలో ప్రశ్న యడుగుటకును సంకోచించును.

కావున ఏడవ యేట బిడ్డను ఒకమారు దంతవైద్యునికి చూపవలెను. ఆ వయసునకు తొలి శాశ్వత దవడపళ్లును, కొన్ని మునిపళ్లును సాధారణముగా వచ్చియుండును. చూపినంతనే చికిత్స ఆరంభింపవలెనని కాదు. ఆ యీడున పైమునిపళ్ల నడుమ సందుండుట పెక్కుమందికి సహజము. కోరపళ్లు దిగునప్పటికి అది తరచు తనంతట మూసికొనును. దానికి బెదరి, ఎవరో చెప్పిరని ఇంటియందే పళ్లకు రబ్బరుపట్టీ తగిలింపరాదు. అది చిగుళ్ల క్రిందికి జారి, వేరును పట్టియుండు ఎముకను చెరచి, పన్నునే ఊడగొట్టవచ్చును.

ఇక చికిత్స. పంటిపై తేలికయైన ఒత్తిడి నిలిపియుంచినచో, ఒత్తిడి తగులు వైపు ఎముక కరగును. రెండవ వైపు క్రొత్త యెముక యేర్పడును. ఇట్లు పన్ను నెలకు ఇంచుమించు ఒక మిల్లీమీటరు కదలును. కావుననే తీగల చికిత్సకు సాధారణముగా ఒకటిన్నర మొదలు రెండేండ్లు పట్టును. ఎదుగు వయసున కొందరికి దవడల పొందికను సవరించు పరికరములు ఉపయోగపడును. పెద్దలకును పళ్లను కదల్పవచ్చును గాని, దవడలలోనే పెద్ద తేడా యున్నచో శస్త్రచికిత్స అవసరము కావచ్చును. చోటు చాలక కొన్ని పళ్లు తీయవలెనని వైద్యుడు చెప్పినచో భయపడక, కారణమును అడిగి తెలిసికొనుడు.

తీగలున్నంతకాలము చెరకు, చేగోడీలు, వేరుసెనగ ఉండలు కొరుకరాదు. భోజనానంతరము పళ్లు తోముకొనవలెను. తీగలు తీసినంతనే పని ముగిసినదనుకొనరాదు. పళ్లు పాతచోటికి మరల జూచును. వానిని నిలిపియుంచు రిటెయినరును వైద్యుడు చెప్పినంతకాలము ధరింపనిచో, రెండేండ్ల శ్రమయు ధనమును వ్యర్థము కావచ్చును.

వ్యయమునకు వెనుదీయు కుటుంబములు గలవని యెరుగుదును. చెన్నై, బెంగుళూరు నగరములందలి ప్రభుత్వ దంతవైద్య కళాశాలలలో ఈ చికిత్సకు ప్రత్యేక శాఖలు గలవు. ప్రైవేటు వైద్యశాలలకన్న అచ్చట ఖర్చు తక్కువ. అచ్చట తెలుగెవరికి వచ్చునని జంకవలదు. తరతరములుగా ఇచ్చట పెరిగిన మన పిల్లలకు తమిళ కన్నడములు వీథిలోనే అబ్బినవి. ఇంట తెలుగే యెరిగిన అవ్వ మనుమని వెంట పోవలసి వచ్చినచో, ఇరుగుపొరుగున నున్న మనలో ఒకరు తోడు పోవుదము. సంఘమనునది ఇట్టి పనులకే గదా.

ఈ సంవత్సరము మీ ఇంట ఏడేండ్లు నిండు బిడ్డ ఎవరో ఈ రాత్రియే లెక్కించుకొనుడు. ఆడపిల్లయైనను, మగపిల్లవాడైనను, ఒక పూట తీరిక చేసికొని వైద్యునికి చూపుడు.